ఎర్ర సైన్యానికి ఏ నేల వేయాలి?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. చిన్న ప్లాస్టిక్ బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే వార్‌హామర్ 40,000 ఆటలోని స్పేస్ మెరీన్లకు, అంటే కవచం తొడిగిన సైనికుల బొమ్మలకు, ముదురు ఎరుపు వేస్తున్నాను. పది మంది పూర్తయ్యారు, ఇంకో ముప్పై మంది డబ్బాల్లో ఉన్నారు. రంగులు బాగానే కుదిరాయి కానీ అందరూ ఇంకా నల్ల ప్లాస్టిక్ బేస్‌ల (కాళ్ల కింది గుండ్రటి బిళ్లల) మీదే నిలబడి ఉన్నారు. బేస్‌ల మీద మన దక్కన్ నేల కనిపించాలని నా కోరిక: ఎర్రమట్టి, బండరాళ్లు. నాతో ఆడే ఒక ఫ్రెండ్ పచ్చగడ్డి అతికించెయ్యమంటాడు, ఇంకొకతను మంచు బాగుంటుందంటాడు. బయట దొరికే ఇసుక వాడొచ్చా, లేక కంపెనీ టెక్స్‌చర్ పెయింటే (ఇసుకలా గరుకుగా ఆరే రంగు) కొనాలా? అంచుకు ఏ రంగు వేయాలి? ఈ వానల్లో వార్నిష్ స్ప్రే చేయొచ్చా? ఇంత కష్టపడి వేసిన బొమ్మలు బేస్ దగ్గర పాడైపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.
(పేరు వేయవద్దన్న పాఠకుడు, హైదరాబాద్)

సమాధానం:

దక్కన్ నేల వేయాలన్న మీ కోరికను వదులుకోకండి. ఈ ఆట ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ నుంచి వచ్చినా, దాని కథ నడిచేది 41వ సహస్రాబ్దిలో, లెక్కలేనన్ని గ్రహాల మీద. అందులో ఒక గ్రహం నేల ఖాజాగూడ గుట్టల్లా ఉంటే అడ్డు చెప్పేవాళ్లు లేరు. పైగా మీరు రోజూ చూసే నేల కాబట్టి ఏది ఎక్కడ ఉండాలో మీ కంటికే తెలుస్తుంది. ఫొటోల్లో చూసి వేసే మంచుకూ మార్స్ ఇసుకకూ ఆ సౌకర్యం ఉండదు.

అయితే ఎర్రమట్టిని మాత్రం తగ్గించేయాలి. ముదురు ఎరుపు కవచం కింద ఎర్రమట్టి పడితే బొమ్మ నేలలో కలిసిపోతుంది. ఆట ఆడేటప్పుడు మనం బొమ్మను చూసేది రెండు మూడడుగుల దూరం నుంచి. అంత దూరంలో మన కన్ను రంగు పేరు కంటే ముందు వెలుగు చీకట్లనే పట్టుకుంటుంది. మీ మెరీన్ల ఎరుపూ, మట్టి ఎరుపూ ముదురులో దాదాపు ఒకటే. మీరే పరీక్షించి చూడండి. మూడు అట్టముక్కలు తీసుకుని ఒకదానికి ఎర్రమట్టి రంగు, ఒకదానికి లేత బూడిద రంగు, ఇంకోదానికి ఎండుగడ్డి రంగు వేయండి. మూడింటి మీదా ఒకే బొమ్మను నిలబెట్టి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి. మొదటి ఫొటోలో బూట్లు ఎక్కడ ముగిశాయో, నేల ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి. మిగతా రెండింటిలో కాళ్ల గీత వెంటనే కనిపిస్తుంది. బేస్ రంగు ఎంచుకోవడంలో నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే. థీమ్, రాళ్లు, గడ్డి అన్నీ దీని తర్వాతే. నలభై మందికీ ఒకే నేల ఉండబోతోంది కాబట్టి ఈ ఒక్క నిర్ణయం మీద ఒక సాయంత్రం ఖర్చు పెట్టినా తప్పు లేదు.

మీ స్నేహితుడు చెప్పిన పచ్చగడ్డికి పెద్ద చరిత్రే ఉంది. 1990లలో ఈ ఆట తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల బొమ్మలన్నీ దాదాపు అలాగే ఉండేవి. ఇసుక మీద, అంచు మీద గాబ్లిన్ గ్రీన్ అనే గట్టి ఆకుపచ్చ వేసి, పైన పచ్చ పొడి చల్లేవాళ్లు. అప్పటి ఆటబల్లలు కూడా పచ్చగానే ఉండేవి కాబట్టి అది చక్కగా కలిసేది. ఆ కాలం మీద మక్కువతో ఇప్పటికీ అలాగే వేసేవాళ్లున్నారు, వాళ్ల సైన్యాలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఎరుపు పక్కన గట్టి పచ్చ పెడితే రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. చూసేవాళ్ల కళ్లు హెల్మెట్ మీద నిలవకుండా మాటిమాటికీ నేల మీదకు జారతాయి. మంచుతోనూ ఇదే చిక్కు, ఇంకాస్త ఎక్కువగా. మొత్తం బొమ్మలో అన్నిటికంటే తెల్లటి చోటు పాదాల కిందే ఉంటుంది. దాన్ని దాటి ముఖం కనిపించాలంటే ముఖం మీద చాలా పని చేయాలి. మీకు ఆ రెండూ వద్దనే అంటాను.

ఇక దక్కన్ అంటే ఎర్రమట్టి ఒక్కటే కాదు కదా. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఒక ఆదివారం పొద్దున్నే ఖాజాగూడకో గోల్కొండ వైపో వెళ్లి, బండల్ని రంగులు వేసేవాడి కళ్లతో చూడండి. దూరం నుంచి బూడిద రంగు. దగ్గరికి వెళ్తే అక్కడక్కడా లేత గులాబీ. వాన నీళ్లు జారిన దారుల్లో పైనుంచి కిందకు నల్లటి చారలు. పగుళ్లలో తుప్పు రంగు. బండల మూలలు గుండ్రంగా అరిగి ఉంటాయి, ఎందుకంటే గ్రానైట్ మూలల దగ్గరే ముందు చివికి రాలిపోతుంది. బండల మధ్య వేసవిలో ఎండిపోయిన గడ్డి. మీ ఎర్ర సైన్యానికి కావలసినవన్నీ అక్కడున్నాయి: లేత బూడిద, ఎండుగడ్డి పసుపు, వాటి మధ్య కాస్త మట్టి. ఎర్రమట్టిని రాళ్ల సందుల్లో, గోధుమ రంగు కలిపి మందగించి, పాదాలకు దూరంగా కొంచెం వేసుకోండి. అది ఏ ఊరి నేలో తెలియడానికి అంత చాలు.

బండలు చేసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. చాలామంది బేస్‌ల మీద రాళ్ల కోసం కార్క్ షీట్ చింపి పెడతారు. కార్క్ పొరలు పొరలుగా విరుగుతుంది, దానికి రంగు వేస్తే తాండూరు బండల గనిలా కనిపిస్తుంది. కడప, తాండూరు వైపు నేల కావాలంటే అంతకంటే మంచి వస్తువు లేదు. గ్రానైట్‌కు మాత్రం అది నప్పదు. మీకు గుండ్రటి గులకరాళ్లు కావాలి, లేదా ఎం-సీల్. ఎం-సీల్ రెండు ముద్దల్నీ సమంగా తీసుకుని, చేతులకు గ్లవ్స్ వేసుకుని, రంగు ఒకటయ్యేదాకా పిసకండి. తడి వేలితో గుండ్రంగా ఒత్తి బేస్ మీద పెట్టాక, అది గట్టిపడకముందే నిజమైన గ్రానైట్ ముక్కను తడిపి దాని మీద అక్కడక్కడా నొక్కండి. ఆ గరుకుతనం అచ్చుగా దిగుతుంది. ఒక రోజు ఆగితే రాయంత గట్టిపడుతుంది.

అన్ని బేస్‌ల మీదా రాళ్లు పెట్టొద్దు. పది మందిలో సగం మందికి ఉత్త నేల, ముగ్గురికి ఒక చిన్న రాయి, ఇద్దరికి కాస్త పెద్దది. ఇలా ఉంటేనే పది మందీ ఒకే మైదానంలో నడుస్తున్నట్టుంటుంది. అందరూ తలా ఒక బండ ఎక్కి నిలబడితే నేల కనిపించదు, పీఠాలు కనిపిస్తాయి. రాయి బేస్ అంచు దాటి బయటికి రాకూడదు కూడా. ఆటలో బేస్‌కు బేస్ తాకించి నిలబెట్టాల్సి వస్తుంది, దూరాలు కొలిచేదీ అంచు నుంచే.

ఇసుక సంగతి. బయటి ఇసుక నిస్సందేహంగా వాడొచ్చు, కాకపోతే కొలత తెలిసి వాడాలి. ఈ బొమ్మల కొలత సుమారు 1:60 అనుకోండి. అంటే 1 మిల్లీమీటరు ఇసుక రేణువు ఆ మనిషికి 6 సెంటీమీటర్ల గులకరాయి. జల్లెడ పట్టకుండా చల్లితే మీ మెరీన్లు కంకర గుట్ట మీద నిలబడినట్టుంటారు. టీ వడకట్టే జల్లెడలో పట్టి, కింద పడిన సన్నటిది నేలకు, పైన మిగిలినదాంట్లోంచి ఏరిన నాలుగైదు రేణువులు రాళ్లకు వాడండి. మీ ఇంటి దగ్గర ఎక్కడైనా కట్టడం జరుగుతుంటే అడిగి ఒక గుప్పెడు రోబో ఇసుక తెచ్చుకోండి. అది రాయిని యంత్రంలో పిండి కొట్టి చేసేది కాబట్టి రేణువులకు పదునైన మూలలుంటాయి, నది ఇసుకలా నున్నగా ఉండవు. రాళ్ల దగ్గర రాలిన పొడికి అది సరిగ్గా సరిపోతుంది. ఏ ఇసుకైనా కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే వాడాలి. సముద్రపు ఇసుకైతే ఉప్పు పోయేదాకా నాలుగుసార్లు కడగాలి, లేకపోతే తర్వాత తెల్లగా పైకి తేలుతుంది. తోటలోంచి తెచ్చిన పచ్చి ఆకులు, పుల్లలు మాత్రం వద్దు. లోపల తడి ఉంటే మన వానాకాలానికి బూజు పట్టడం ఖాయం.

టెక్స్‌చర్ పెయింట్ కొనడం కూడా దండగ కాదు. గేమ్స్ వర్క్‌షాప్ రంగుల బ్రాండ్ సిటడెల్ వాళ్ల ఆస్ట్రోగ్రానైట్, స్టర్లండ్ మడ్, ఆర్మగెడాన్ డస్ట్ మూడూ సీసాలోంచి తీసి పూసేయడమే. మీ మొదటి పది మందీ రంగులతో సహా పూర్తయి బేస్‌లకు అతుక్కుపోయారు కాబట్టి వాళ్లకు ఇలాంటి పేస్టే మంచిది. జిగురు రాసి ఇసుక చల్లితే రేణువులు బూట్ల మీద, మోకాళ్ల మీద పడి అక్కడే అంటుకుంటాయి. పేస్టునైతే పాత బ్రష్ మొనతోనో, టూత్‌పిక్‌తోనో ఎక్కడ కావాలో అక్కడే పెట్టొచ్చు. కానీ నలభై మందికి 24 మి.లీ. డబ్బాలు కొంటూ పోతే ఖర్చు బాగా అవుతుంది. ఇంట్లోనే కలుపుకోవచ్చు: సన్నటి రోబో ఇసుక, తెల్ల ఫెవికాల్, ముదురు గోధుమ రంగు ఫెవిక్రిల్, రెండు చుక్కల నీళ్లు. గట్టి పచ్చడిలా ఉండాలి, జారకూడదు. రంగు అందులోనే ఉంది కాబట్టి ఎక్కడైనా బ్రష్ అందకపోయినా తెల్ల ఇసుక బయటపడదు. ఆరడానికి ఒక రాత్రి వదిలేయండి, వానల్లో అయితే రెండు.

పేస్టు పెట్టేటప్పుడు అందరూ పాదం చుట్టూ చిన్న కందకం వదిలేస్తారు, బూటుకు అంటుతుందేమోనన్న భయంతో. మీరు ధైర్యంగా బూటు అడుగుదాకా పెట్టండి. అరికాలు కొంచెం మట్టిలో దిగినట్టుంటేనే ఆ మనిషికి బరువున్నట్టు తెలుస్తుంది. కవచం వేసుకున్న మెరీన్‌కు అది మరీ అవసరం. పొరపాటున బూటుకు అంటితే తడి బ్రష్‌తో వెంటనే తుడిస్తే పోతుంది.

ఇప్పుడు రంగు. ఇసుక ఇసుక రంగులోనే ఉంది కదా అని వదిలేయకండి. రంగు వేయని ఇసుక మెరుస్తుంది, మిగతా బొమ్మతో కలవదు. బేస్‌ల కోసం ఖరీదైన రంగులు అక్కర్లేదు, ఫెవిక్రిల్, కేమెల్ యాక్రిలిక్‌లు బాగా పనికొస్తాయి. నేలకు ముదురు గోధుమ, రాళ్లకు ముదురు బూడిద వేయండి. బూడిదలో అతి కొంచెం ఎరుపు గోధుమ కలిపితే గ్రానైట్‌లోని గులాబీ ఛాయ వస్తుంది. ఆరాక మొత్తం మీద ఆగ్రాక్స్ ఎర్త్‌షేడ్ లాంటి గోధుమ వాష్ (నీళ్లలా పల్చటి రంగు) పోయండి, అది సందుల్లోకి దిగి అక్కడ చీకటి చేస్తుంది. ఇది పూర్తిగా ఆరేదాకా ఆగాలి. సగం ఆరిన వాష్ మీద డ్రైబ్రష్ చేస్తే మరకలు పడతాయి. డ్రైబ్రష్ అంటే ఇదీ: బ్రష్‌ను లేత రంగులో ముంచి, టిష్యూ మీద దాదాపు అంతా తుడిచేసి, మిగిలిన ఆ కాస్త రంగుతో ఎత్తుగా ఉన్నచోట్ల తేలిగ్గా రుద్దండి. నేలకు ఎండుగడ్డి రంగు, రాళ్లకు లేత బూడిద. రెండో విడత ఇంకా లేతగా, ఇంకా తక్కువచోట్ల. బూట్ల పక్కన పెద్ద బ్రష్ పెట్టొద్దు, అక్కడికి చిన్న గుండ్రటి బ్రష్ వాడండి. ఆఖర్న పెద్ద రాళ్ల మీద పల్చటి నల్ల రంగుతో పైనుంచి కిందకు రెండు మూడు సన్న చారలు దింపండి. హైదరాబాద్‌లో పెరిగిన ఎవరికైనా ఆ చారలు చూడగానే ఇది ఎక్కడి రాయో తెలిసిపోతుంది.

నేలకు వేసిన అన్నిటికంటే లేత రంగుందే, దాన్నే ఒక చిన్న స్పాంజి ముక్కకు కొంచెం తీసుకుని బూట్ల మీద, మోకాలి కింద అద్దండి. దుమ్ము లేచి అంటుకున్నట్టు. బూట్ల దగ్గర ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తక్కువ. బొమ్మనూ నేలనూ ఒకటి చేయడానికి ఇంతకంటే సులువైన పని ఇంకోటి లేదు. పైన శుభ్రంగా మెరిసే కవచం, కింద దుమ్ము నేల ఉంటే రెండూ వేరువేరు చోట్ల తయారైనట్టే కనిపిస్తాయి. మీరు శ్రమపడి వేసిన ఎరుపు పాడవుతుందని భయంగా ఉంటే మొదట ఒక్క బొమ్మ మీద, బూటు మొనకు మాత్రమే చేసి చూడండి.

వార్నిష్ గడ్డి కంటే ముందు వేయాలి. మ్యాట్ (మెరుపులేని) వార్నిష్ పడితే గడ్డి పోచలు బిరుసెక్కి, కొనలు తెల్లబడతాయి. వానాకాలంలో స్ప్రే వద్దు. గాలిలోని తడి వార్నిష్ పొరలో చిక్కుకుని బొమ్మంతా పాలపొరలా తెల్లగా కమ్ముతుంది, దాన్ని వదిలించడం చాలా కష్టం. బ్రష్‌తో వేసే మ్యాట్ వార్నిష్ తెచ్చుకోండి, వల్లేహో వాళ్లది బాగుంటుంది. మెరుపు తగ్గించే పదార్థం సీసా అడుగుకు చేరి ఉంటుంది కాబట్టి వాడే ముందు బాగా కుదపాలి, లేకపోతే మ్యాట్ అనుకుని వేసింది మెరుస్తుంది. రెండు పల్చటి పూతలు చాలు. వెదరింగ్ పౌడర్లు (దుమ్ము, తుప్పులా కనిపించే రంగు పొడులు) వాడే ఉద్దేశం ఉంటే వాటిని వార్నిష్ తర్వాతే చల్లండి. ముందే చల్లితే వార్నిష్ తడికి వాటి రంగు మునిగిపోతుంది.

గడ్డికి రెడీమేడ్ కుదుళ్లు, అంటే టఫ్ట్‌లు, ఎండు రంగులో దొరుకుతాయి. 4 మిల్లీమీటర్లవైతే మనిషి కొలతలో సుమారు 24 సెంటీమీటర్ల గడ్డి, 6 మిల్లీమీటర్లవైతే 36. ఈ రెండు సైజులు కలిపి వాడండి. 12 మిల్లీమీటర్లవి వీళ్ల మధ్య చెరుకు తోటలా ఉంటాయి. టఫ్ట్‌లు కొనకుండా కొబ్బరి పీచుతోనూ చేయొచ్చు. నాలుగు పోగులు పట్టుకుని, ఒక కొసను ఫెవికాల్‌లో ముంచి నిలబెట్టి, ఆరాక పైన కత్తిరించండి. రంగు ఇప్పటికే ఎండుగడ్డిలా ఉంటుంది, పైన కాస్త లేత పసుపు అద్దితే సరి. గడ్డిని ఖాళీ నేల మధ్యలో నాటకండి. నిజంగా అది ఎక్కడ బతుకుతుందో చూశారు కదా: బండ మొదట్లో, నీళ్లు ఆగే చోట. అక్కడే పెట్టండి.

మిగతా ముప్పై మంది విషయంలో మాత్రం పని వరుస మార్చుకోమంటాను. ప్రైమర్ (రంగులకు ముందు వేసే తొలి పూత) కొట్టకముందే బేస్ మీద ఇసుక, రాళ్లు అతికించేయండి. ఫెవికాల్ రాసి, ఇసుకలో ముంచి, మర్నాడు నీళ్లు కలిపిన ఫెవికాల్ పైన ఒక పూత పూస్తే రేణువు రాలదు. ప్రైమర్ బొమ్మకూ బేస్‌కూ ఒకేసారి పడుతుంది, నేల రంగులూ మొదటే వేసేసుకోవచ్చు. అప్పుడు డ్రైబ్రష్ బూటుకు తగిలినా ఫర్వాలేదు, ఎరుపు ఇంకా వేయలేదు కదా. ముప్పై బేస్‌లనూ ఒకే రోజు కలిపిన రంగులతో పూర్తి చేయండి. లేకపోతే నెల తర్వాత అదే బూడిద రంగు మళ్లీ కలపడం కుదరదు. కలిపిన పాళ్లు ఒక కాగితం మీద రాసి, పక్కన ఆ రంగుల చుక్కలు పెట్టుకోండి.

కెప్టెన్ కూడా ఉంటే అతని బేస్ మామూలు 32 మిల్లీమీటర్ల కంటే పెద్దదే ఉంటుంది, సాధారణంగా 40. పెద్ద బండ ఎవరికైనా పెట్టాలంటే అతనికే పెట్టండి, ఒక కాలు దాని మీద ఆనించి. నేల మాత్రం సైనికులదే ఉండాలి. నాయకుడి కోసం వేరే రంగు నేల చేస్తే అతను వేరే యుద్ధం నుంచి వచ్చినట్టుంటాడు.

అంచుకు నలుపు వేయండి. గోధుమ అంచు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆటబల్ల గోధుమగా ఉంటే అది కలిసిపోయి బాగుంటుంది. కానీ మీ నేల లేతగా ఉండబోతోంది, కవచం ముదురుగా ఉంది. నల్ల అంచు ఆ లేత నేల చుట్టూ స్పష్టమైన గీత గీసి, చూపును లోపలే నిలుపుతుంది. మ్యాట్ నలుపు పల్చగా రెండు పూతలు, ఫ్లాట్ బ్రష్‌తో, బేస్‌ను తిప్పుతూ వేయండి. ప్లాస్టిక్ ఎలాగూ నల్లగానే ఉంది కదా అని వదిలేయకండి. డ్రైబ్రష్ మరకలు, ఫెవికాల్ చారలు ఆ మెరిసే ప్లాస్టిక్ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఇది అన్నిటికంటే ఆఖరి పని, గడ్డి కూడా పెట్టాక. అలమరాలో వరుసగా నిలబెట్టినప్పుడు ముందుగా కళ్లకు తగిలేది ఆ అంచులే.

పది మంది మీదా మొదలుపెట్టే ముందు ఖాళీ బేస్ ఒకటి తీసుకుని పేస్టు నుంచి అంచు దాకా అంతా చేసి చూడండి. డబ్బాలో ఒకటైనా మిగిలి ఉంటుంది, లేకపోతే సీసా మూత మీద చేసినా సరే. దాని మీద ఒక మెరీన్‌ను నిలబెట్టి మళ్లీ ఆ బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి. బూట్లు స్పష్టంగా కనిపిస్తే మర్నాడే పది మందిలో మొదటివాణ్ణి బల్ల మీదకు తీసుకోండి. కనిపించకపోతే ఆఖరి డ్రైబ్రష్ రంగులో ఇంకొంచెం తెలుపు కలపండి.